చింగ్ కాలపు ప్రావిన్సుల వెండి నాణేలు: సేకరించేవారు చేయవలసినవి, చేయకూడనివి

చైనాలో చింగ్ వంశ పాలన ముగియడానికి ముందు రెండు దశాబ్దాల్లో ప్రావిన్సులు పోటీపడి తమ తమ పేర్లతో వెండి నాణేలు ముద్రించుకున్నాయి. నాంది పలికినవాడు గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌సీ ప్రాంతాల గవర్నర్ జనరల్ జాంగ్ జిదోంగ్. బర్మింగ్‌హామ్‌లోని హీటన్ కంపెనీ నుంచి యంత్రాలు తెప్పించి ఆయన గ్వాంగ్‌జౌలో పెట్టించిన టంకశాల 1889లో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత హూబెయ్, జీలీ, జియాంగ్‌నాన్, అన్‌హుయ్, ఫెంగ్‌టియన్, జిలిన్, సిచువాన్, యున్నాన్ అదే దారి పట్టాయి. ఒకవైపు చైనా లిపిలో చక్రవర్తి పాలనా నామం, మరోవైపు మెలికలు తిరిగిన డ్రాగన్, దాని చుట్టూ ఇంగ్లిష్ అక్షరాల్లో ప్రావిన్సు పేరు, తూకం. డాలర్ నాణెం తూకం చైనా కొలతల్లో 7 మేస్ 2 కాండరీన్లు, అంటే దాదాపు 26.8 గ్రాములు. అందులో వెండి సుమారు 90 శాతం.

ఈ నాణేలకు ముందు నుంచీ వెండి దిమ్మలు కూడా చలామణిలో ఉండేవి. పడవ ఆకారంలో కొన్ని, యున్నాన్‌లో గుర్రపు జీను ఆకారంలో కొన్ని పోసేవారు. వాటి మీద కంసాలి పేరు, ఊరి పేరు ముద్రలుగా కనిపిస్తాయి. 1933లో ప్రభుత్వం టేల్ అనే వెండి తూకపు లెక్కను రద్దు చేయడంతో ఈ దిమ్మలు కొలిమికి చేరాయి. 1934లో అమెరికా వెండి కొనుగోలు చట్టం తెచ్చాక ధర పెరిగి చైనా వెండి దేశం దాటింది. 1935 నవంబరులో చైనా ప్రభుత్వం వెండి చలామణిని ఆపి, ప్రజల దగ్గరున్న వెండిని తీసుకుని కాగితపు కరెన్సీ ఇచ్చింది. ఇన్ని విడతలు కరిగిపోగా మిగిలినవే ఈనాడు సేకర్తల చేతికి వస్తున్నాయి.

అందుకే వీటిని సేకరించేవారికి ఒకే పెద్ద సూత్రం ఉంది. వెనక్కి తీసుకోలేని పని ఏది చేయబోతున్నా ముందు ఆగాలి. డబ్బు పంపడం, నాణెం తోమడం, యాసిడ్ చుక్క వేయడం, సరిహద్దు దాటించడం అన్నీ అలాంటి పనులే. కింది సూచనలన్నీ ఆ సూత్రం నుంచి వచ్చినవే.

కొనే ముందు

చేయవలసినవి

• మామూలుగా దొరికే నాణేలతో మొదలుపెట్టండి. గ్వాంగ్‌డాంగ్, హూబెయ్ డాలర్లు, గ్వాంగ్‌షు చక్రవర్తి పాలన 34వ ఏట (1908) జీలీలోని బేయాంగ్ టంకశాల వేసిన డాలర్ ఇప్పటికీ తగినన్ని దొరుకుతాయి. డ్రాగన్ పొలుసులు ఎలా లేచి ఉంటాయో, అంచు గాట్లు ఎంత సమంగా ఉంటాయో, అరిగిన వెండి ఏ రంగులో ఉంటుందో అసలు నాణేల మీదే కన్నుకు అలవాటు కావాలి. ఆ అలవాటు లేకుండా అరుదైనవాటి జోలికి వెళ్లడం ప్రమాదం.

• నాణేల మీది పాత ఇంగ్లిష్ వర్ణక్రమాలు నేర్చుకోండి. జిలిన్ కిరిన్‌గానూ, హూబెయ్ హూపేగానూ, గ్వాంగ్‌డాంగ్ క్వాంగ్‌టుంగ్‌గానూ, బేయాంగ్ పేయాంగ్‌గానూ కనిపిస్తాయి. వేలం జాబితాల్లో ఎక్కువగా ఈ పాత పేర్లే కనిపిస్తాయి.

• ఎడ్వర్డ్ కాన్ 1954లో ప్రచురించిన చైనా నాణేల సచిత్ర జాబితాను, ఆ తర్వాతి జాబితాలను దగ్గర పెట్టుకుని, కొనబోయే నాణేన్ని అచ్చు తేడాలతో సహా పోల్చండి. ఏ నాణెం చలామణికి వచ్చిందో, ఏది నమూనాగానే మిగిలిపోయిందో తెలియాలి. ఉదాహరణకు, 1889లో గ్వాంగ్‌డాంగ్ మెక్సికో డాలర్‌ను మించాలని 7 మేస్ 3 కాండరీన్ల తూకంతో నాణేలు వేయించింది, తర్వాత 7 మేస్ 2 కాండరీన్లకు తగ్గించింది. ఆ మొదటి తూకం నాణెం ఎంత అరుదో తెలిసినవారు దాన్ని సంతలో చూసి తొందరపడరు.

• గ్రేడింగ్ సంస్థ సీలు వేసిన డబ్బాలో ఉన్న నాణెమైతే, డబ్బా మీది సంఖ్యను ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో సరిచూడండి. అక్కడ ఫొటో ఉంటే గీతలు, మచ్చలు ఒక్కొక్కటీ పోల్చండి. డబ్బాలకూ నకిలీలు ఉన్నాయి, వాటి మీద నిజమైన సంఖ్యలే అచ్చు వేస్తున్నారు.

• నాణెం అసలుది కాదని తేలితే డబ్బు తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చే వర్తకుల దగ్గరే కొనండి. ఆ నాణెం ఇంతకు ముందు ఎవరి సేకరణలో ఉందో, ఏ వేలంలో అమ్ముడైందో అడిగి తెలుసుకోండి.

చేయకూడనివి

• అరుదైనది చవకగా వచ్చిందని సంబరపడకండి. దొంగ నాణేలు చేసేవారు అరుదైన వాటినే ఎంచుకుంటారు, ఎందుకంటే లాభం అక్కడే ఉంటుంది. షాన్‌సీ ప్రావిన్సు పేరున్న డాలర్ చలామణికి రాలేదు, 1898లో హీటన్ కంపెనీ వేసిన నమూనాలే ఉన్నాయి. జెజియాంగ్ డాలర్లు కూడా బహు అరుదు. ఇలాంటివి పాత సామాన్ల కుప్పలో, నాలుగైదు వేల రూపాయలకు కనిపిస్తే దాని అర్థం ఒక్కటే.

• అక్షరదోషం ఉందని నకిలీ అని, లేదని అసలుదని తేల్చేయకండి. జిలిన్ టంకశాల వేసిన అసలు నాణేల్లోనే కాండరీన్ అన్న మాట తప్పు వర్ణక్రమంతో పడిన రకాలు ఉన్నాయి. మరోవైపు నకిలీలు చేసేవారు అసలు నాణెం నుంచే అచ్చు తీస్తారు కాబట్టి వాళ్ల అక్షరాలు సరిగ్గానే ఉండవచ్చు.

• చిన్నచిన్న ముద్రలున్న నాణెం అసలుదే అయి తీరుతుందని నమ్మకండి. ఆ రోజుల్లో చైనా షరాబులు వెండిని పరీక్షించి తమ గుర్తు కొట్టేవారు. ఆ గుర్తులను దొంగ నాణేల మీద వేయడం పెద్ద పనేమీ కాదు.

• అమెరికాలో ఉన్న సేకర్తలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి 1973 నాటి చట్టం నకలు నాణెం మీద నకలు అన్న ముద్ర ఉండాలంటుంది. ఆ ముద్రను అరగదీసి అమ్మేవారు ఉంటారు. ఒకచోట మాత్రం లోహం పల్చబడి, గీతలు పడి కనిపిస్తే ఆ నాణెం జోలికి పోకండి.

ఇంట్లో పరీక్షించేటప్పుడు

చేయవలసినవి

• బల్ల మీద మందపాటి మెత్తని బట్ట పరిచి, కూర్చుని, నాణేన్ని అంచులతో మాత్రమే పట్టుకోండి. చేతులు ముందే సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోండి. నూలు గ్లవ్స్ జారిపోతాయి, వాటికంటే పొడి లేని నైట్రైల్ గ్లవ్స్ నయం.

• గ్రాములో నూరో వంతు చూపే కాటాతో తూకం చూడండి. అరిగిన నాణెం కొంచెం తగ్గవచ్చు. ఒక గ్రాము పైన తేడా వస్తే మాత్రం కారణం వెతకాలి.

• సాంద్రత పరీక్ష నాణేనికి హాని చేయదు. గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి కాటా మీద ఉంచి సున్నాకు తెచ్చుకోండి. సన్నని దారంతో నాణేన్ని నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకు తగలకుండా వేలాడదీయండి. కాటా ఎన్ని గ్రాములు చూపితే నాణెం ఘనపరిమాణం అన్ని ఘనపు సెంటీమీటర్లు. నాణెం తూకాన్ని దానితో భాగించాలి. 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉంటే 10.3 దగ్గర వస్తుంది. 26.8 గ్రాముల డాలర్ నీళ్లలో దాదాపు 2.6 చూపాలి. 3.0 చూపితే అది రాగి, నికెల్ లాంటి లోహాల మిశ్రమమై ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష అయ్యాక మెత్తని బట్టతో అద్ది ఆరనివ్వండి, రుద్దకండి.

• అంచును భూతద్దంతో చుట్టూ చూడండి. పోత పోసిన నకిలీకి అంచు మీద అతుకు గీత, ఉపరితలం మీద గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. అసలు నాణెం యంత్రం కింద అచ్చు పడింది కాబట్టి దాని అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి.

• ఎక్స్‌రే యంత్రంతో లోహం చూపించాలంటే హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఆ సౌకర్యం ఉంటుంది. కానీ అది పైపొరను మాత్రమే చూస్తుంది. వెండి పూత వేసినదాన్నీ వెండిగానే చూపిస్తుంది, కాబట్టి సాంద్రతతో కలిపి చూడాలి.

చేయకూడనివి

• నాణేన్ని గీటురాయి మీద గీయనివ్వకండి. కంసాలి దుకాణానికి తీసుకెళ్లగానే చేసే మొదటి పని అదే. నగకు అది సరైన పరీక్షే. నాణేనికి మాత్రం ఆ గీత శాశ్వతమైన గాయం, విలువను అక్కడికక్కడే తగ్గిస్తుంది. దుకాణంలో అడుగు పెట్టగానే, గీయవద్దు, యాసిడ్ వేయవద్దు అని స్పష్టంగా చెప్పండి.

• ఇంట్లో నైట్రిక్ యాసిడ్ వాడకండి. చర్మం కాలుతుంది, కంటికి తగిలితే చూపుకే ముప్పు. లోహంతో కలిసినప్పుడు వచ్చే ఎర్రటి పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, కొన్నిసార్లు ఆ బాధ కొన్ని గంటల తర్వాతే తెలుస్తుంది.

• వెండి దిమ్మ లోపల ఏముందో చూడాలని రంపంతో కోయకండి, ఆకురాయితో రాయకండి. నకిలీ దిమ్మల్లో సీసం ఉండవచ్చు. ఆ పొడి పీల్చడం, చేతుల ద్వారా నోట్లోకి పోవడం హానికరం, ఇంట్లో పిల్లలుంటే మరీను. ఏ దిమ్మను ముట్టుకున్నా తర్వాత చేతులు కడుక్కోండి. 50 టేల్‌ల దిమ్మ 1.8 కిలోల పైనే తూగుతుంది, ఎత్తైన అరలో పెట్టకండి.

• మోగించి చూడాలని రాతి గచ్చు మీద పడేయకండి. నాణెం అంచు మీద గట్టిగా ఊది చెవి దగ్గర పెట్టుకుని వినడం చైనాలో బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. దాన్నీ నమ్ముకోకండి, ఉమ్మి తుంపరలు వెండి మీద మచ్చలు వేస్తాయి.

• వెండి అసలుదని తేలింది కాబట్టి నాణెం అసలుదని అనుకోకండి. మంచి వెండితోనే అచ్చు వేసిన నకిలీలు ఉన్నాయి. వాటిని తూకం, సాంద్రత పట్టుకోలేవు. అనుభవజ్ఞుల కన్ను, అచ్చుల పోలిక మాత్రమే పట్టుకుంటాయి.

శుభ్రం చేయడం

ఈ విషయంలో మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పూజసామాను తళతళలాడేలా తోమడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. పండక్కి ముందు వెండి గిన్నెలతో పాటు అల్మరాలోని నాణెమూ చింతపండు పులుసులో పడిపోతుంది. గిన్నె మళ్లీ మెరుస్తుంది, నాణెం మాత్రం పాడవుతుంది. టంకశాల యంత్రం ఒత్తిడికి వెండి ఉపరితలం మీద ఏర్పడిన సూక్ష్మమైన మెరుగు ఒకసారి పోతే మళ్లీ రాదు. గ్రేడింగ్ సంస్థలు అలాంటి నాణేనికి 70 పాయింట్ల కొలమానంలో అంకె ఇవ్వకుండా, శుభ్రం చేసినది అని మాత్రమే రాస్తాయి.

చేయవలసినవి

• అనుమానం ఉంటే ఏమీ చేయకండి. వందేళ్లకు పైగా ఏర్పడిన నలుపు, నీలి, బంగారు ఛాయలు వెండి మీది సహజమైన పొర. చాలామంది సేకర్తలు దాన్నే కోరుకుంటారు.

• పాత ప్లాస్టిక్ కవర్ల వల్ల ఆకుపచ్చ జిడ్డు పట్టి ఉంటే అది మాత్రం వెండిని తినేస్తుంది, దాన్ని తీయించాలి. అనుభవం ఉన్నవారితో స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయించండి. అసిటోన్ ఆవిరి త్వరగా అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర లేకుండా, గాజు గిన్నెలో చేయాలి. అసిటోన్ కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రుద్దకుండా గాలికి ఆరనివ్వాలి.

చేయకూడనివి

• చింతపండు, నిమ్మరసం, విభూతి, పళ్లపొడి, గిన్నెలు తోమే పొడి, కొబ్బరిపీచు ఏవీ నాణేనికి తగలనివ్వకండి. ఇంట్లోవారికి, పనిలో సాయం చేసేవారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

• బజారులో దొరికే వెండి మెరుగు ద్రావకాల్లో ముంచకండి. వాటిలో ఆమ్లంతో పాటు థయోయూరియా ఉంటుంది. అది నలుపుతో పాటు కొంత వెండినీ తీసుకుపోతుంది. చర్మానికీ, శ్వాసకూ మంచిది కాదు. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల చిట్కా కూడా నాణేనికి పనికిరాదు.

• నెయిల్ పాలిష్ తీసే ద్రావకాన్ని అసిటోన్ బదులు వాడకండి. అందులో సువాసనలు, నూనెలు కలిసి ఉంటాయి.

• సైనైడ్ పేరు ఎత్తకండి. ఒకప్పుడు వెండి నాణేలను పొటాషియం సైనైడ్‌తో శుభ్రం చేసేవారు. అమెరికా నాణేల సేకర్త జాన్ సాన్‌ఫర్డ్ సాల్టస్ 1922లో లండన్‌లోని హోటల్ గదిలో నాణేలు శుభ్రం చేస్తూ, పక్కనున్న పానీయం అనుకుని ఆ ద్రావకం తాగి చనిపోయాడు. ఎంతో అనుభవం ఉన్న మనిషి ఆయన. ఏ రసాయనమైనా సరే, తాగే గ్లాసు, తినే పళ్లెం ఉన్న బల్ల మీద ఉండకూడదు.

దాచిపెట్టేటప్పుడు

చేయవలసినవి

• మైలార్ అనే పాలిస్టర్ కవర్లు లేదా నాణెం కొలతకు సరిపోయే గట్టి ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో తేమ ఎక్కువ. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, అవి తేమ పీల్చి నిండగానే మార్చండి.

• ప్రతి నాణేనికి బొమ్మ, బొరుసు, అంచు కనిపించేలా ఫొటోలు తీసి, తూకం, కొన్న తేదీ, ధర, అమ్మినవారి రసీదుతో ఒక జాబితా రాయండి. జాబితా ఒకచోట, నాణేలు మరోచోట ఉండాలి.

• బ్యాంకు లాకర్ తీసుకున్నా విడిగా బీమా గురించి ఆలోచించండి. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం లాంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. ఒక్క మంచి డ్రాగన్ డాలర్ విలువ ఆ మొత్తాన్ని దాటిపోవచ్చు.

చేయకూడనివి

• మెత్తగా, ఘాటైన వాసన వచ్చే పీవీసీ కవర్లలో ఉంచకండి. పైన చెప్పిన ఆకుపచ్చ జిడ్డు వచ్చేది వాటి నుంచే. రబ్బరు బ్యాండ్లు, పాత వార్తాపత్రికలు, ఉన్ని బట్ట కూడా వద్దు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

• 5 సెంట్ల, 10 సెంట్ల చిన్న నాణేలనూ, సిలికా జెల్ పొట్లాలనూ పసిపిల్లలకు అందేచోట పెట్టకండి. 5 సెంట్ల నాణెం ఒకటిన్నర గ్రాము కూడా తూగదు, గొంతులో ఇట్టే చిక్కుకుంటుంది.

• సేకరణ ఫొటోలను ఇంటి ఆనవాళ్లు కనిపించేలా సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. ఊరెళ్తున్నామని చెప్పే ఫొటో, నాణేల ఫొటో ఒకే వారంలో పెట్టడం దొంగలను పిలవడమే.

చట్టం దగ్గర

చేయవలసినవి

• భారతదేశంలో ఉన్నవారు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం గురించి తెలుసుకోండి. 100 ఏళ్లు దాటిన నాణెం దాని ప్రకారం పురావస్తువు, అది చైనా నాణెమైనా సరే. కేంద్ర ప్రభుత్వం, అది అధికారం ఇచ్చిన సంస్థలు తప్ప ఇతరులు దాన్ని దేశం బయటికి పంపకూడదు. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. విదేశీ గ్రేడింగ్ సంస్థకు పార్సిల్ చేయడం కూడా దేశం దాటించడమే కాబట్టి, ముందుగా పురావస్తు శాఖను సంప్రదించండి.

• విదేశీ వేలంలో కొనే ముందే వెండి దిగుమతి నిబంధనలు, సుంకం గురించి కస్టమ్స్ వ్యవహారాలు తెలిసినవారిని అడగండి. బిల్లులో నాణెం పేరు, సంవత్సరం, అసలు ధర ఉండేలా చూసుకోండి.

చేయకూడనివి

• చైనా వెళ్లినప్పుడు పాతవస్తువుల సంతలో కొని సూట్‌కేసులో వేసుకుని రాకండి. బీజింగ్‌లోని పాన్‌జియాయువాన్ లాంటి చోట నకిలీ కొంటే డబ్బు పోతుంది. అసలుది కొంటే అంతకంటే పెద్ద చిక్కు, ఎందుకంటే 1911కు ముందు నాటి సాంస్కృతిక వస్తువులు దేశం దాటకుండా చైనా కఠినంగా నియంత్రిస్తుంది.

• సుంకం తగ్గుతుందని బిల్లులో బొమ్మ నాణెం అనో, నకలు అనో రాయించుకోకండి. పార్సిల్ పోతే బీమా రాదు, పట్టుబడితే నాణేన్నే వదులుకోవాల్సి వస్తుంది.

సిచువాన్ రూపాయి విషయంలో

తెలుగు సేకర్తలకు ఎక్కువగా ఆశ పుట్టించే చైనా నాణెం ఇది. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న మన వెండి రూపాయి టిబెట్ మీదుగా పశ్చిమ సిచువాన్ దాకా చలామణి అయ్యేది. దాన్ని వెనక్కి నెట్టడానికి 1902 నుంచి చెంగ్‌డూలో అదే కొలతతో రూపాయి ముద్రించారు. రాణి బొమ్మ ఉండాల్సిన చోట చక్రవర్తి బొమ్మ, వెనక సిచువాన్ ప్రావిన్సులో తయారైందన్న నాలుగు చైనా అక్షరాలు. చింగ్ పాలన పోయాక కూడా ఇది దశాబ్దాల పాటు ముద్రణలో ఉంది, తర్వాతి విడతల్లో వెండి తగ్గుతూ వచ్చింది.

చేయవలసినది: కొనే ముందు ఏ విడతదో తేల్చుకోండి. మెడపట్టీ ఉందా, బొమ్మ చిన్నదా పెద్దదా, వెనక మధ్యలో ఉన్న పువ్వు నిలువుగా ఉందా అడ్డంగా ఉందా చూడాలి.

చేయకూడనిది: వెండి తక్కువగా ఉందని దీన్ని వెంటనే దొంగ నాణెం అనకండి, వెండి బాగుందని తొలి విడతదనీ నమ్మకండి. లోహాన్నీ అచ్చునూ కలిపి చూసినప్పుడే తేలుతుంది.

అమ్మేటప్పుడు, మోసపోయినప్పుడు

చేయవలసినవి

• మోసం జరిగిందని తెలిసిన మరుక్షణమే బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఫోన్ చేయండి. సంభాషణలు, రసీదులు, పార్సిల్ కవరు భద్రంగా ఉంచండి. నకిలీ నాణేన్ని పారేయకండి, అదే సాక్ష్యం.

• మీ తర్వాత సేకరణ ఎవరి చేతికి వెళ్తుందో వారికి జాబితా ఎక్కడుందో చెప్పండి. ఏ నాణెం విలువైనదో, ఎవరిని సంప్రదించాలో, వేటిని కరిగించకూడదో ఒక కాగితం మీద తెలుగులో రాసిపెట్టండి.

చేయకూడనివి

• పాత నాణేనికి లక్షలు ఇస్తామంటూ ముందుగా కమీషనో, పన్నో కట్టమనేవారికి ఒక్క రూపాయి పంపకండి. తన పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఆ బ్యాంకు ఇలాంటి లావాదేవీల్లో తలదూర్చదు, కమీషన్ అడగదు.

• మీకు అంటగట్టిన నకిలీని మరొకరికి అంటగట్టకండి. అది నేరం. పైగా ఇంకో కొత్త సేకర్త ఈ దారి మీద నమ్మకం పోగొట్టుకుంటాడు.

• తూకానికి వెండిగా అమ్మకండి. డబ్బు అత్యవసరమైనా, నాణేలు తెలిసిన ఇద్దరికి చూపించి, వారి మాట విన్నాకే నిర్ణయం తీసుకోండి.